జత ఆసులకు 85 శాతం గెలుపు సరే, ఎంతమంది మీద?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పోకర్ మీద వేసిన పూర్తి పేజీ కథనం చదివాను. ప్రస్తుతం నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కోలో, మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మీ పేపరు ఫోనులో చదువుతుంటాను. కథనంలో లాస్ వేగాస్ టోర్నమెంట్ల సంగతులు, గెలిచినవాళ్ల ఫొటోలు బాగానే ఉన్నాయి. నా అభ్యంతరమంతా పేజీ అడుగున పెట్టెలో వేసిన పట్టిక గురించే. చేతికొచ్చే మొదటి రెండు ముక్కల్లో బలమైనవి పది ఏరి, ఒకటి నుంచి పది దాకా ర్యాంకులు ఇచ్చి, పక్కన గెలుపు శాతాలు వేశారు. జత ఆసులకు 85, జత రాజులకు 82, జత రాణులకు 80, అలా కిందికి. అంకెలు సరైనవే. అవి ఏ పరిస్థితిలో సరైనవో చెప్పే వాక్యం మాత్రం పేజీ అంతా వెతికినా కనపడలేదు. రాజమండ్రిలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. పరీక్ష పేపర్లో ఎవరైనా ఇలా రాస్తే సగం మార్కులు కోసేదాన్ని.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పోకర్‌లో ఈ రకాన్ని టెక్సాస్ హోల్డెమ్ అంటారు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తర్వాత బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. మన రెండూ ఆ ఐదూ కలిపితే వచ్చే ఏడింటిలో, ఐదు ముక్కల మంచి కూర్పు ఎవరికి కుదిరితే గెలుపు వాళ్లది. మధ్యమధ్య నాలుగు విడతలుగా పందేలు. ఈ ఆటకు పుట్టినూరు తమ రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అని టెక్సాస్ చట్టసభ 2007లో తీర్మానం కూడా చేసుకుంది. ఇక్కడి మన తెలుగు కుర్రాళ్లు శనివారం రాత్రి పిల్లల్ని పై గదిలో పడుకోబెట్టి, పులిహోర, బజ్జీలు పక్కన పెట్టుకుని చిల్లర డాలర్లతో ఆడుకునేది ఇదే. ప్రైవేటుగా ఇంట్లో, ఎవరూ కమీషన్ తీసుకోకుండా ఆడుకుంటే ఇక్కడి చట్టం అడ్డు చెప్పదు. పేకముక్క ఇంట్లోకి రానివ్వని మా నాన్నగారు చూసి ఉంటే ఏమనేవారో గానీ, నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అల్లుడి వెనక కూర్చుని లెక్కలు వేసుకుంటుంటాను.

ఆ మధ్య ఒక కుర్రాడు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "ఆంటీ, ఆసులు రెండూ వచ్చినా పోయిందండీ. 85 శాతం ఛాన్సు! నా ఖర్మ తప్ప మరేం కాదు" అన్నాడు.

"ఆటలో నువ్వు కాక ఇంకెంతమంది ఆఖరి దాకా ఉన్నారు బాబూ?" అన్నాను.

"ఆరుగురండీ. ఒక్కడూ వదల్లేదు."

"అయితే నీ ఛాన్సు 44. ఓడిపోవడానికే ఎక్కువ అవకాశం. ఖర్మని ఎందుకు తిడతావు?"

మీ పట్టికలో లేనిది ఈ సంగతే. 85 అన్నది ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలుండి, ఐదు ముక్కలూ తెరిచేదాకా ఇద్దరూ ఆగినప్పటి లెక్క. ఎదుట ఇద్దరుంటే అదే జత ఆసులు నూటికి 73 సార్లు గెలుస్తాయి. ముగ్గురైతే 64, నలుగురైతే 56. ఐదుగురైతే 49, అంటే అప్పటికే సగం లోపు. బల్ల నిండా తొమ్మిదిమంది కూర్చుని, మిగతా ఎనిమిదిమందీ వదలకుండా ఆఖరి దాకా వస్తే 35. అయినా 35 చిన్న అంకేమీ కాదు. తొమ్మిదిమందిలో ఒక్కొక్కరి సమాన వాటా 11 మాత్రమే గనక దానికి మూడు రెట్లు పైనే. ఆసులు ఎప్పుడూ మంచి ముక్కలే. కాకపోతే 85 అనుకుని డబ్బు పెట్టినవాడికీ, 35 అనుకుని పెట్టినవాడికీ ఓడిపోయాక పట్టే నిద్రలో తేడా ఉంటుంది.

ఆ 35ని కాస్త గుర్తుంచుకోండి. చేతికొచ్చిన రెండు ముక్కల్ని కలిపి 'చెయ్యి' అంటారు. హోల్డెమ్‌లో అందరూ చీదరించుకునే చెయ్యి ఒకటుంది, ఏడూ రెండూ, అదీ వేర్వేరు గుర్తులవి. ఎదుట ఒక్కడే ఉంటే, ఏవో రెండు ముక్కల మీద ఆ పనికిరాని చెయ్యి గెలిచేది ఎంతనుకున్నారు? అదీ నూటికి దాదాపు 35. అంటే ఆటలోకెల్లా గొప్ప చెయ్యి ఎనిమిదిమంది మీద ఎంత గెలుస్తుందో, చెత్త చెయ్యి ఒక్కడి మీద అంత గెలుస్తుంది. ఇంకో తమాషా, ఒక్కడి మీద ఆడితే 7-2 కన్నా అన్యాయమైన చెయ్యి ఉంది, 3-2. అది 32 దగ్గరే ఆగిపోతుంది. జనం ఎక్కువున్న బల్ల దగ్గర 7-2 ఘోరం, ఇద్దరే కూర్చుంటే 3-2 ఘోరం. చెత్త ఏదో చెప్పాలన్నా ముందు ఎంతమందో చెప్పాలన్నమాట.

కథనంలో ఇంకో వాక్యం కూడా ఉంది. జత ఆసులు "అన్నిటికన్నా అరుదుగా" వస్తాయి గనక బలమైనవట. ఇది అంకె తప్పు కన్నా పెద్ద తప్పు. 52 ముక్కల్లోంచి రెండు తీసే విధాలు 1,326. నాలుగు ఆసుల్లోంచి రెండు తీసే విధాలు 6. ఆరుని 1,326తో భాగిస్తే 221లో ఒకటి. జత రెండులకూ అచ్చం అంతే, 221లో ఒకటి. పేకకు ఆసంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఒకే గుర్తులో ఉన్న 7-2 అయితే నాలుగే విధాలు, ఆసుల జత కన్నా అరుదు. అరుదని దాన్ని ఎవరూ నెత్తిన పెట్టుకోరు కదా. అరుదు వేరు, బలం వేరు.

ఈ 221 గురించి మా అల్లుడి స్నేహితులకు ఇంకో భ్రమ ఉంది. "ఇంతసేపు రాలేదు, ఇక వచ్చి తీరాలి" అంటారు. ఇంట్లో ఆడే ఆటలో కబుర్లతో కలిపి గంటకు పాతిక పంపకాలు పడితే గొప్ప. ఆ లెక్కన జత ఆసులు సగటున తొమ్మిది గంటలకోసారి వస్తాయి. కానీ సరిగ్గా 221 పంపకాలు కూర్చున్నా ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం నూటికి 37. తీరా అప్పుడు లేచి వెళ్లిపోబోతుంటే, తర్వాతి పంపకంలో వచ్చే అవకాశం మళ్లీ అదే 221లో ఒకటి. కలిపిన పేకకు పోయిన పంపకం గుర్తుండదు. క్లాసులో దీన్ని చెప్పినప్పుడు పిల్లలు తలలూపేవాళ్లు, బయటికెళ్లి లాటరీ టిక్కెట్టు కొనేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు ఒకటి నుంచి పది దాకా ర్యాంకులు వేశారు కదా, చేతుల్ని అలా ఒక వరసలో నిలబెట్టడమే కుదరదు. మూడు చేతులు తీసుకోండి. ఒకరి దగ్గర వేర్వేరు గుర్తుల ఆసు-రాజు. రెండోవారి దగ్గర జత రెండులు. మూడోవారి దగ్గర ఒకే గుర్తులో జాకీ-పది. ఇద్దరిద్దర్ని మాత్రమే పోటీకి పెట్టి, ఐదు ముక్కలూ తెరిచేద్దాం.

ఆసు-రాజు మీద జత రెండులు గెలుస్తాయి, నూటికి 52, 53 సార్లు. ఎందుకంటే ఆసు-రాజు చూడ్డానికి దర్జాగా ఉన్నా చేతిలో ఇంకా ఏమీ లేనట్టే. తెరిచే ఐదింటిలో ఒక ఆసో రాజో పడాలి. అది పడే అవకాశం దాదాపు సగం. ఎంత చిన్నదైనా జత మాత్రం అప్పటికే జత.

జత రెండుల మీద జాకీ-పది గెలుస్తాయి, నూటికి 53, 54 సార్లు. వీటికీ జత పడాల్సిందే, కానీ వీటికి ఇంకో రెండు దారులున్నాయి. రెండు ముక్కలూ వాడుకుని సీక్వెన్స్ కట్టడానికి జాకీ-పదికి నాలుగు విధాలు. ఏడు నుంచి జాకీ దాకా మొదలుపెట్టి పది నుంచి ఆసు దాకా. ఆసు-రాజుకు అలాంటిది ఒక్కటే విధం. పైగా ఒకే గుర్తు గనక ఫ్లష్‌కి, అంటే ఐదు ముక్కలూ ఒకే గుర్తులో కుదరడానికి, కూడా కొంత వీలుంది.

సరే, రెండుల్ని జాకీ-పది ఓడిస్తే, ఆసు-రాజుని రెండులు ఓడిస్తే, జాకీ-పది ఆసు-రాజుని ఓడించాలి కదా? ఓడించవు. ఆసు-రాజే గెలుస్తుంది, అదీ నూటికి 59 సార్ల దాకా. ఇద్దరికీ ఏమీ పడకపోతే ఆసు పెద్దది, ఇద్దరికీ జత పడితే ఆసు జతో రాజు జతో పెద్దది. పిల్లలాడే రాయి-కత్తెర-కాగితం లాంటిది ఈ వ్యవహారం. ఈ మూడింటికీ ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, మూడో ర్యాంకు వేయమనండి చూద్దాం మీ పట్టిక వేసినాయన్ని. మొదటిసారి ఈ లెక్క వేసి చూపించినప్పుడు మా అల్లుడు ఒప్పుకోలేదు. "అత్తయ్యగారూ, ఎక్కడో ఏదో తప్పు పోయి ఉంటుంది" అని కంప్యూటరులో లక్షలసార్లు పంచి చూసుకుని, తర్వాత మాట్లాడకుండా బజ్జీలు తెచ్చి పెట్టాడు.

ఇదంతా ఎదుటివాడి ముక్కలు తెలిసినప్పటి మాట. నిజం ఆటలో తెలియవు, ఊహించాలి. అక్కడే లెక్క నిజంగా పనికొస్తుంది. మీ చేతిలో జత రాణులున్నాయనుకోండి, మీ పట్టికలో మూడో ర్యాంకు, 80 శాతం. ఎదుటివాడు పిసినారిలా ఆడే రకం, దగ్గరున్న డబ్బంతా పందెంలోకి తోశాడు. జత ఆసులో, జత రాజులో, ఆసు-రాజో ఉంటే తప్ప అలా చేయడు. అందరూ భయపడేది ఆసులకే. కానీ లెక్కపెట్టి చూడండి. ఆసుల జత ఆరు విధాలు, రాజుల జత ఆరు విధాలు, ఆసు-రాజు పదహారు విధాలు. మొత్తం 28లో 16 ఆసు-రాజువే. మీ రాణులు ఆ పెద్ద జతల మీద నూటికి 19 సార్లకు మించి గెలవవు, ఆసు-రాజు మీద 56 సార్లు గెలుస్తాయి. పాళ్లు కట్టి కలిపితే సుమారు 40. పేపర్లో 80, బల్ల దగ్గర 40!

అదే ఎదుటివాడు కాస్త చేయి జారే రకమై, జాకీల జతకీ పదుల జతకీ కూడా అంతా తోసేస్తాడనుకోండి. ఇంకో పన్నెండు విధాలు కలుస్తాయి, వాటి మీద మీ రాణులు నూటికి 81 సార్లు గెలుస్తాయి. ఇప్పుడు మొత్తం లెక్క 52కి వచ్చింది. మీ చేతిలో ముక్కలు మారలేదు. ఎదుట కూర్చున్న మనిషి స్వభావం మారింది, అంతే. ఇక మీ చేతిలోనే ఒక ఆసు, ఒక రాజు ఉంటే, ఎదుటివాడి దగ్గర ఆసుల జత ఉండే విధాలు ఆరు కాదు, మూడే. రాజుల జతా మూడే. ఆసు-రాజు పదహారు కాదు, తొమ్మిది. మీరు పట్టుకున్న ముక్క వాడి దగ్గర ఉండదు కదా. ఇంత చిన్న విషయం, అయినా ఇక్కడ కుర్రాళ్లలో సగంమంది దీన్ని లెక్కలోకి తీసుకోరు.

వాళ్లు లెక్కలోకి తీసుకునేది ఒకే గుర్తుని. రెండు ముక్కలూ ఇస్పేట్లయితే చాలు, ముఖం వెలిగిపోతుంది. ఆసు-రాజు ఒకే గుర్తైతే ఒక్కడి మీద 67, వేర్వేరైతే 65 పైచిలుకు. అంతే తేడా. తెరిచిన మొదటి మూడూ ఆ గుర్తే అయ్యి అక్కడికక్కడే ఫ్లష్ కావడం నూటికి ఒకసారి కూడా జరగదు. దానికి బదులు జత రాజులు పట్టుకున్నవాళ్లు ఇంకో అంకె గుర్తుపెట్టుకుంటే మంచిది. మొదటి మూడు ముక్కల్లో ఒక ఆసైనా పడి గుండె జారే అవకాశం నూటికి 22, 23.

మన మూడు ముక్కలాట సంగతి కూడా చెప్పనివ్వండి, మీ కథనంలో "మన ఆటల్లోనూ ర్యాంకులు ఇలా అరుదుతనాన్ని బట్టే" అన్నారు గనక. మూడు ముక్కలు తీసే విధాలు 22,100. అందులో మూడూ ఒకటే అయ్యేవి, అంటే మూడు ఆసులో మూడు రాజులో, 52. ఒకే గుర్తులో వరసగా పడే ప్యూర్ సీక్వెన్స్ 48. అంటే ప్యూర్ సీక్వెన్సే ఎక్కువ అరుదు. అయినా మనవాళ్లు దాన్ని రెండో స్థానంలో పెట్టి, మూడూ ఒకటైనదాన్ని పైన కూర్చోబెట్టారు. ఆచారం అలా వచ్చింది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, ఆట నియమం ఎవరిష్టం వాళ్లది. ర్యాంకు ఉంది గనక అరుదై ఉంటుందని రాయడం మీదే ఫిర్యాదు.

ఇంత గొడవ ఎందుకంటే, ఇది ఇంట్లో చిల్లర డాలర్ల ఆటతో ఆగే వ్యవహారం కాదు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి గనక అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు అన్నది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. మూడు ముక్కలాటను మాత్రం ఆ కోవలో చేర్చలేదు. తర్వాత ఫోన్లొచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నేర్పా అదృష్టమా అన్న వాదనే పక్కన పెట్టేసింది. నిషేధం మంచిదా కాదా అని వేరే ఎవరైనా వాదించుకుంటారు. నాకు తెలిసింది ఇంతే: ఇంటర్ చదివే కుర్రాడికి "85 శాతం గెలుపు" అని పెద్ద అక్షరాల్లో చూపిస్తే వాడు దాన్ని వడ్డీ రేటు చదివినట్టు చదువుతాడు. ఎంతమంది మీద, ఎవరి మీద, ఎంత డబ్బుకి అని అడగడు. అడగడం నేర్పాల్సినవాళ్లం మనం.

అందుకని సవరణ వేయమని కోరుతున్నాను. "అంకెలు సరైనవే గనక సవరణ అక్కర్లేదు" అని మీ డెస్కులో ఎవరైనా అంటారేమో. ఎండాకాలంలో "రేపు 24 డిగ్రీలు" అని వేసి, అది తెల్లవారుజామున నాలుగింటి మాట అని చెప్పకపోతే మీరు ఒప్పుకుంటారా?

జత ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజు, జత రెండులు, 7-2, వీటికి ఎదుట ఒక్కరి నుంచి ఎనిమిదిమంది దాకా ఉంటే ఎంతెంతో వేసిన పట్టిక ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మా అల్లుడి చేత కంప్యూటరులోనూ సరిచూపించాను. వేసేటప్పుడు పైన "ఎదుట ఉన్నవాళ్లు" అన్న వరస కత్తిరించకండి. స్థలం చాలకపోతే ఆ లాస్ వేగాస్ రంగుల ఫొటో తీసేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్,
రాజమహేంద్రవరం (ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సాస్)